పూలు చల్లారు సరే, డ్యూటీ గంటల సంగతేంటి?

2020 మే 3న కరోనా డాక్టర్లకు కృతజ్ఞతగా వైమానిక దళం హెలికాప్టర్ హైదరాబాద్ గాంధీ ఆసుపత్రి మీద పూలు చల్లింది. జూన్ రెండో వారానికల్లా అదే ఆసుపత్రి జూడాలు (జూనియర్ డాక్టర్లు) రోడ్డెక్కారు. రోగి చనిపోయాడని బంధువులు ఓ జూనియర్ డాక్టర్‌ను కొట్టారు. వైద్య సిబ్బందిని తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా జైలన్న ఆర్డినెన్స్ ఏప్రిల్‌లోనే వచ్చింది. ఇదంతా తెలిసిందే.

ఆ జూడాలేం అడిగారన్నదే మనం మర్చిపోయాం. భద్రతతో పాటు వాళ్లు గట్టిగా కోరింది ఒకటే: కరోనా రోగులందరినీ గాంధీకే తేవద్దు, మిగతా ఆసుపత్రులకూ పంచండి. నన్నడిగితే డాక్టర్ల మానసిక ఆరోగ్యం మీద ఈ నగరంలో వెలువడ్డ అసలైన నివేదిక ఆ డిమాండే.

గంటల తరబడి పీపీఈ కిట్‌లో ఉడికి, బయటికొచ్చి చావు కబురు చెప్పి, తనవల్ల అమ్మానాన్నలకు అంటుకుంటుందేమోనని ఇంటికి పోలేక హాస్టల్లో ఉండిపోయిన పీజీ విద్యార్థికి హెల్ప్‌లైన్ నంబర్ ఇస్తే సరిపోతుందా? కౌన్సెలింగ్ వద్దనను. పైగా డాక్టరే సైకియాట్రిస్టు గడప తొక్కితే తోటివాళ్లు గుసగుసలాడతారు. మానసిక వైద్యశాల ఉందని ఎర్రగడ్డ పేరును ఇప్పటికీ తిట్టుగా వాడే ఊరు మనది. కానీ ముప్పై ఆరు గంటలు కన్ను మూయని మనిషికి ముందు కావాల్సింది నిద్ర.

పోలీసులు, పారిశుద్ధ్య కార్మికులు కష్టపడలేదా, డాక్టర్లు తెలిసే ఈ వృత్తిలోకి వచ్చారు కదా అంటారు. వాళ్లూ పడ్డారు, వాళ్లకూ న్యాయం జరగాలి. అయితే ఒకరి గోస చూపించి ఇంకొకరి నోరు మూయించడం ఏం న్యాయం?

ఈ లెక్క చూడండి. 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ పథకం జూనియర్ రెసిడెంట్ల (పీజీ చదువుతూ డ్యూటీ చేసే డాక్టర్ల) పని మామూలుగా వారానికి 48 గంటలుండాలంది. 2024లో జాతీయ వైద్య కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ 74 గంటలు మించొద్దని సిఫార్సు చేసింది. మహమ్మారి వచ్చిపోయాక హద్దు తగ్గాలా, పెరగాలా? పోనీ ఆ 74 అయినా అమలైతే అదే పదివేలు అనుకునే స్థితికొచ్చారు జూడాలు!

రోగం మూలం కరోనాకు ముందు నుంచే ఉంది. స్టైపెండ్ మీద దొరికే విద్యార్థుల భుజాల మీద ప్రభుత్వాసుపత్రులను నడపడం మనకు అలవాటైపోయింది. తెలంగాణలో 2022లో ఎనిమిది, 2023లో తొమ్మిది కొత్త మెడికల్ కాలేజీలు ప్రారంభించాం. అధ్యాపకులేరని 2025లో కమిషన్ నోటీసులిచ్చింది. రిబ్బన్ కట్ చేయడానికి ఉన్న తొందర పోస్టులు నింపడానికి ఏ ప్రభుత్వానికీ లేదు, పార్టీ ఏదైనా సరే.

ఖాళీలు ఒక్కరోజులో నిండవు, ఒప్పుకుంటాను. ప్రతి బోధనాసుపత్రీ తన జూడాల డ్యూటీ రోస్టర్‌ను వారం వారం అందరికీ కనిపించేలా గోడకు అంటించడానికి మాత్రం బడ్జెట్ అక్కర్లేదు. ఆరోగ్య మంత్రి ఆ ఉత్తర్వు ఈ నెలలోనే ఇవ్వొచ్చు.