పీఎంపీ ఒక్కటి చేస్తే చాలట!

పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్) అనే సర్టిఫికెట్ గురించి వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టు చాలాకాలంగా తిరుగుతోంది. సారాంశం ఇది: "టెక్ సపోర్ట్‌లో మగ్గిపోతున్నారా? మీ ఐదేళ్ల సపోర్ట్ అనుభవమే ప్రాజెక్ట్ అనుభవం. 35 గంటల క్లాసులు విని పీఎంపీ రాస్తే మేనేజర్ అయిపోతారు. డిగ్రీ ఏదైనా పర్వాలేదు. ఇక నైట్ షిఫ్టులు ఉండవు, టెన్షన్ ఉండదు." కింద అమీర్‌పేటలోని ఏదో ఇన్‌స్టిట్యూట్ ఫోన్ నంబరు.

పోయిన నెల మా పిన్ని కొడుకు దాన్ని నాకు పంపి, "అన్నా, ఫీజు కట్టేయనా?" అని అడిగాడు. నేను ఎనిమిదేళ్లు సపోర్ట్‌లో మొదటి రెండు అంచెలైన ఎల్1, ఎల్2లలో టికెట్లు (నమోదైన కంప్లైంట్లు) క్లోజ్ చేసి ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌లోకి వచ్చినవాణ్ణి. వాడికి చెప్పిందే కాస్త వివరంగా రాస్తున్నా.

"మీ ఐదేళ్ల సపోర్ట్ అనుభవమే ప్రాజెక్ట్ అనుభవం."

కాదు. పీఎంపీ సర్టిఫికెట్ ఇచ్చేది అమెరికాలోని ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్. వాళ్ల లెక్కలో ప్రాజెక్ట్ అంటే ఒక మొదలు, ఒక ముగింపు ఉన్న పని. పాస్‌వర్డ్ రీసెట్లు, సర్వర్ అలర్టులు, ఎస్‌ఎల్‌ఏ (ఒప్పుకున్న గడువు) దాటకుండా మూసిన టికెట్లు ఎన్ని వేలున్నా అవి రోజువారీ ఆపరేషన్స్ కిందికే వస్తాయి. డిగ్రీ ఉన్నవాళ్లు పరీక్షకి అప్లై చేయాలంటే 36 నెలలు ప్రాజెక్టులు నడిపి ఉండాలి. ఒకే నెలలో మూడు ప్రాజెక్టులు నడిపినా అది ఒక నెలే. మీ హోదా ప్రాజెక్ట్ మేనేజర్ అయి ఉండక్కర్లేదు, పని మాత్రం మీరు నడిపిందై ఉండాలి.

"అదంతా మేమే రాసిపెడతాం" అంటారు కొన్ని ఇన్‌స్టిట్యూట్ల వాళ్లు. కొన్ని అప్లికేషన్లను ఆడిట్‌కి తీస్తారని మాత్రం చెప్పరు. మీదాకా వస్తే, మీరు రాసిన ప్రతి ప్రాజెక్టుకీ అది తెలిసిన మేనేజరో, సహోద్యోగో అవునని సంతకం పెట్టాలి. పాత మేనేజర్‌కి ఫోన్ చేసి, లేని ప్రాజెక్టుకి సంతకం ఎలా అడుగుతారు?

అలాగని సపోర్ట్‌లో ప్రాజెక్టులే దొరకవని కాదు. నాకు దొరికింది. 2019 చివర్లో సంగతి. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 జనవరి 14తో ఆగిపోతుంది. ఆలోపు మా ఆఫీసుల్లో పాత లాప్‌టాప్‌లన్నీ విండోస్ 10కి మారాలి. "నువ్వు చూసుకో" అన్నారు మా మేనేజర్. నేను అలవాటు కొద్దీ లాప్‌టాప్‌కో టికెట్ తెరిచా. హైదరాబాద్‌లో బాగానే సాగింది. అకౌంట్స్ వాళ్లు నెలాఖరు క్లోజింగ్ అయ్యేదాకా మా మిషన్లు ముట్టుకోవద్దన్నారు, సరే అన్నా. విజయవాడ, కాకినాడ బ్రాంచీలు మిగిలాయి. ఎక్సెల్‌లో వాటి ఎదురుగా జనవరి 13, 14 అని టైప్ చేసేశా.

14 భోగి. క్యాలెండర్ నా ఎదురుగా గోడకే ఉంది.

13న పొద్దున్నే విజయవాడ వెళ్లిన కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, ఇక్కడ సెక్యూరిటీ గార్డూ నేనే ఉన్నాం. అందరూ శనివారమే ఊళ్లకి పోయారంట. లాప్‌టాప్‌లు కూడా పట్టుకుపోయారు." కాకినాడ సంగతి అడగొద్దు. పండగయ్యాక 20న మళ్లీ మొదలుపెట్టాం. ఆలస్యానికి సంజాయిషీ నేనే రాసుకున్నా.

సపోర్ట్‌లో పని మన దగ్గరికి వస్తుంది. ఇక్కడ మనమే వెళ్లి, ఏ రోజు ఎవరు సీట్లో ఉంటారో ముందే కనుక్కోవాలి. ఎనిమిదేళ్ల టికెట్లు నాకది నేర్పలేదు. తర్వాత నా అప్లికేషన్‌లో లెక్కకొచ్చింది మాత్రం ఆ నాలుగు నెలలూ, వాటి తర్వాత అడిగి తీసుకున్న ప్రాజెక్టులూ.

"35 గంటల క్లాసులు చాలు."

ఆ 35 గంటలు అప్లై చేయడానికి అర్హత మాత్రమే. పరీక్షలో 180 ప్రశ్నలుంటాయి, చాలావరకు "ఇలాంటి పరిస్థితిలో ముందు ఏం చేస్తారు?" అనే రకం. బట్టీ పట్టినవాడికి నాలుగు ఆప్షన్లూ కరెక్టుగానే కనిపిస్తాయి.

ఈ పోస్టుకి రివర్సులో ఇంకో వాదన ఉంది: సర్టిఫికెట్లన్నీ చిత్తు కాగితాలని. అదీ ఒప్పుకోను. పీఎంపీకి రిస్క్ రిజిస్టర్ (పని ఎక్కడ దెబ్బతినొచ్చో ముందే రాసుకునే పట్టిక) అధ్యాయం చదువుతుంటే నాకు ఆ సెక్యూరిటీ గార్డే గుర్తొచ్చాడు. అప్పటిదాకా నా తప్పుకి ఒక పేరుందనే తెలియదు. ఇప్పుడున్న కంపెనీ నుంచి కాల్ రావడానికి కూడా రెజ్యూమెలో ఆ మూడక్షరాలు సాయపడ్డాయనే అనుకుంటున్నా. ఇంటర్వ్యూలో మాత్రం వాళ్లు పరీక్ష గురించి ఒక్క ముక్క అడగలేదు. అరగంట విజయవాడ గురించే అడిగారు.

"డిగ్రీ ఏదైనా పర్వాలేదు."

ఇందులో సగం నిజం. పీఎంపీకి బీటెకే ఉండాలని లేదు. ఇంటర్‌తో ఆగిన వాళ్లు కూడా రాయొచ్చు, కాకపోతే వాళ్లకి అడిగే అనుభవం 60 నెలలు. కంపెనీల గేటు దగ్గర లెక్క వేరు. ఉద్యోగ ప్రకటనలో బీటెక్ అని ఉంటే, అది లేని రెజ్యూమె మనిషి కంటపడకముందే పక్కకి పోవచ్చు. అలాంటప్పుడు బయట వెతకడం కంటే, మీ పని చూసినవాళ్లున్న సొంత కంపెనీలోనే మారడం తేలిక. అనుభవం ఇంకా లేనివాళ్లకి, పీఎంపీ ఇచ్చే సంస్థే ఇచ్చే సీఏపీఎం అనే తొలిమెట్టు సర్టిఫికెట్ ఉంది, దానికి 23 గంటల క్లాసులు చాలు. ప్రిన్స్2 అనే ఇంకో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పద్ధతిలో మొదటి పరీక్ష ఫౌండేషన్‌కి ముందస్తు షరతులేమీ లేవు. అది బ్రిటన్ ప్రభుత్వ పనుల్లో పుట్టిన పద్ధతి, కాబట్టి అక్కడి క్లయింట్లతో పనిచేసేవాళ్లకి ఎక్కువ ఉపయోగం. ఐటిల్ (ఐటీ సేవల నిర్వహణ సర్టిఫికెట్) చేసి ఉంటే పారేయకండి. చేంజ్ రిక్వెస్టుకి (సిస్టమ్‌లో మార్పు కోసం పెట్టే అర్జీకి) అప్రూవల్ ఎలా వస్తుందో తెలిసిన ప్రాజెక్ట్ మేనేజర్‌ని ఆపరేషన్స్ వాళ్లు నెత్తిన పెట్టుకుంటారు.

"నైట్ షిఫ్టులు ఉండవు, టెన్షన్ ఉండదు."

ఇది రాసినవాడు ఎప్పుడూ కటోవర్ వీకెండ్ (పాత సిస్టమ్ ఆపి కొత్తదానికి మారే శని, ఆదివారాలు) చూసి ఉండడు. అమెరికా క్లయింటుతో స్టేటస్ కాల్ రాత్రి తొమ్మిదిన్నరకే, ఆఫీస్ క్యాబ్ మాత్రం రాదు. సపోర్ట్‌లో పీ1 (అన్నిటికంటే అత్యవసర టికెట్) తెల్లారేసరికి మూసేస్తే వెళ్లి పడుకోవచ్చు. ఇక్కడ ఎవరో వెండర్ చేసిన ఆలస్యానికి మూడు వారాలు మనం జవాబు చెబుతూనే ఉంటాం.

మా వాడికి చెప్పింది ఇదే: ఫీజు ఇప్పుడే కట్టకు. మీ టీమ్ పాత టికెటింగ్ టూల్ నుంచి కొత్తదానికి మారుతోంది కదా, ఆ పని నాకివ్వండని మీ మేనేజర్‌ని అడుగు. అడిగాడు, ఇచ్చారు. మొన్న ఫోన్ చేసి, "అన్నా, దసరా వారంలో గో లైవ్ పెట్టి కొత్త టూల్ అందరికీ మొదలెట్టమంటున్నారు, ఏమంటావ్?" అన్నాడు. ఎవరెవరు ఊరెళ్తున్నారో ముందు రాసుకురమ్మన్నా.