వాడలేదు కాబట్టే అరగని సలహాలు

నలుగురితో స్నేహం చేసి మెప్పించడం ఎలాగో చెబుతూ అమెరికా రచయిత డేల్ కార్నెగీ రాసిన 'హౌ టు విన్ ఫ్రెండ్స్ అండ్ ఇన్‌ఫ్లుయెన్స్ పీపుల్' 1936లో వచ్చింది. అమ్మకాలు మూడు కోట్ల కాపీలు దాటాయి. ఇన్ని కోట్లమంది చదివాక కూడా పోట్లాటలు ఆగలేదు కాబట్టి పుస్తకంలో పస లేదని కొందరు తేల్చేస్తున్నారు. ఈ అపవాదును తీవ్రంగా ఖండిస్తున్నాను. (ఎవర్నీ ఖండించవద్దని అందులోనే ఉంది. సరే, విచారిస్తున్నాను.) ఆ సలహాలు నేటికీ నిగనిగలాడుతున్నాయంటే కారణం ఒక్కటే. ఎవరూ వాడలేదు.

మొదటి అధ్యాయమే చూడండి. 1931లో న్యూయార్క్ పోలీసులు క్రౌలీ అనే హంతకుణ్ణి చుట్టుముట్టారు. బయట తుపాకులు పేలుతుంటే అతను లోపల కూర్చుని, తనది ఎవరికీ హాని తలపెట్టని మంచి మనసని ఉత్తరం రాసుకున్నాడు. అలాంటివాడే తన తప్పు ఒప్పుకోనప్పుడు మామూలు మనుషులు ఒప్పుకుంటారా, అందుకే విమర్శించడం దండగ అంటాడు కార్నెగీ. ఎంత లోతైన మాట! చదివినవాళ్లంతా తల ఊపారు. ఆ ఉత్తరంలో తన చేతిరాతను మాత్రం ఒక్కరూ గుర్తుపట్టలేదు. అందరికీ బావమరిదే కనిపించాడు.

అయినా విమర్శ మానేశామనే చెప్పాలి. ముఖాన ఒక్క మాట అనం. ఆ మనిషి గుమ్మం దాటేదాకా ఆగుతాం.

అదే అధ్యాయంలోని లింకన్ ఉదంతం ఇంకా ఉపయోగకరమైనది. వకీలుగా ఉన్న రోజుల్లో ఆయన పత్రికలో ఒక నాయకుణ్ణి వెక్కిరిస్తే, అది 1842లో కత్తులతో ద్వంద్వయుద్ధం దాకా పోయింది. చివరి నిమిషంలో రాజీ కుదిరింది. 1863లో, అమెరికా అంతర్యుద్ధంలోని గెటిస్‌బర్గ్ పోరు తర్వాత, శత్రుసేనను చేజేతులా వదిలేశావని తన సేనాని జనరల్ మీడ్‌కు ఘాటుగా ఉత్తరం రాశాడు. రాశాడు గానీ పంపలేదు. ఆయన పోయాక కాగితాల్లో దొరికింది. ఈ పద్ధతిని మనం బాగా మెరుగుపరిచాం. ముందు పంపేస్తాం, తర్వాత డిలీట్ చేస్తాం. 'ఈ మెసేజ్ తొలగించబడింది' అన్న ముక్క మిగులుతుంది. అక్కడ ఏముండేదో ఎదుటివాళ్లు రాత్రంతా ఊహించుకుంటారు. ఎంత తిట్టినా అంత టెన్షన్ పెట్టలేం. పాపం, లింకన్‌కి ఈ సౌకర్యం లేదు.

ఇక పుస్తకంలోని మిగతా సలహాలు: పేరు గుర్తుపెట్టుకోవడం, చిరునవ్వు, ఎదుటివారిని మాట్లాడనిచ్చి వినడం, వారు ముఖ్యులని వారికి తెలియజేయడం. ఇవన్నీ కస్టమర్ కేర్‌కి అప్పగించేశాం. 'మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం' అని నలభై నిమిషాలు ఒకే ప్రేమతో చెప్పే రికార్డెడ్ గొంతు కన్నా కార్నెగీకి మంచి శిష్యులెవరు? విసుక్కోదు. వాదించదు. మీ మాటకు అడ్డు రాదు, ఎందుకంటే అసలు వినదు.

ఇన్ని చెప్పినాయన ఒక్క ప్రమాదాన్ని మాత్రం ఊహించినట్టు లేదు. పుస్తకం నిజంగా పాటించేవాళ్లు ఇద్దరు ఎదురుపడితే? మీ సంగతులు చెప్పండి అంటాడొకడు, చిరునవ్వుతో. అబ్బే, ముందు మీవి చెప్పండి అంటాడు రెండోవాడు, ఇంకాస్త పెద్ద చిరునవ్వుతో. ఇద్దరూ శ్రద్ధగా వింటూ కూర్చుంటారు. మాట్లాడేవాడే ఉండడు. ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకుని, గౌరవంగా సెలవు తీసుకుంటారు. ఇంటికెళ్లి ఇద్దరూ ఒకే మాట చెబుతారు: "మహా గుంభనం మనిషి. నోరు విప్పితే ఒట్టు."