ఎంజైముకు కొబ్బరికాయ

నెల్లూరు జిల్లాలో ఐసు విలువ తెలియని మనిషి ఉండడని మొన్నటిదాకా నమ్మాను. చెరువులో రొయ్య పట్టాక ఐసు లారీ కాస్త ఆలస్యమైతే చాలు, రైతుకు బీపీ పెరుగుతుంది. అలాంటి గడ్డమీద, మే నెల ఎండలో, మా కాలేజీకి ఒక థర్మాకోల్ డబ్బా వచ్చింది.

లోపల డ్రై ఐసు, మైనస్ 78 డిగ్రీలు. దాని మధ్య చిన్న ట్యూబు. ట్యూబు అడుగున 10 మైక్రోగ్రాముల మానవ ఎంజైము, అంటే ఒంట్లో రసాయన పనులు నడిపే ప్రొటీన్. ఇది కైనేజ్ జాతిది, కణంలో వేరే ప్రొటీన్లకు ఫాస్ఫేట్ తగిలించి వాటి పనిని మార్చే మీట లాంటిది. బరువు గ్రాములో లక్షో వంతు. ఆ తూకంలో ధర కడితే దీని ముందు బంగారం ఉప్పుతో సమానం. మనిషి ఎంజైమంటే ఎవరి ఒంట్లోంచో పిండింది కాదండీ. 2018 నుంచి మన మొక్కజొన్న రైతును ఏడిపిస్తున్న కత్తెర పురుగు ఉందే, దాని అండాశయం నుంచి ఎప్పుడో తీసిన కణాలను ల్యాబుల్లో పెంచుతున్నారు. మనిషి జన్యువును ఒక వైరస్ మీద ఎక్కించి వాటిలోకి పంపితే, మన ప్రొటీన్‌ను చేసిపెడతాయి. చెప్పిన పని చెప్పినట్టు చేయడం పురుగు కణానికి కూడా చేతనవును.

డబ్బా మీద రెండు ముక్కలు రాసున్నాయి: మైనస్ 80లో ఉంచండి, పరిశోధనకు మాత్రమే. మా పెద్దాయన రెండోదాని దగ్గర ఆగిపోయారు. "మాత్రమే అంటే ఏంది? ప్రారంభోత్సవం చేయకూడదా?"

చేశారు. ఉదయం 10 గంటలకని కార్డు వేశారు. ముఖ్య అతిథి ఒంటిగంటన్నరకు వచ్చారు. ఈలోగా స్టేజీ డెకరేషన్ కుర్రాడి కన్ను డ్రై ఐసు మీద పడింది. రిసెప్షన్‌లో పెళ్లికూతురు నడిచి వస్తుంటే కాళ్ల దగ్గర తెల్లటి పొగ వస్తుందే, అదిదేనట! రెండు బకెట్లలో వేడినీళ్లు తెచ్చి ఉన్న ఐసంతా గుమ్మరించాడు. పొగ మోకాళ్లదాకా లేచింది. అందులోంచి ముఖ్య అతిథి దేవేంద్రుడిలా నడిచొచ్చారు. ఫోటోలు అద్భుతంగా వచ్చాయి. ట్యూబు మాత్రం వెండి పళ్లెంలో, పసుపు కుంకుమల మధ్య, ఫోకస్ లైటు కింద కూర్చుంది. పంతులుగారు గోత్రం అడిగారు. మనిషిదే గానీ పుట్టింది పురుగులో అని ఎవరో చెప్పబోతే, "మరి మైలేమన్నా ఉంటుందా?" అని ఆయన ఇంకా ఇబ్బంది పడ్డారు. చివరికి కాలేజీ పేరున సంకల్పం చెప్పి కొబ్బరికాయ కొట్టారు.

ఐసు లేదు సార్ అని నేను గొణిగితే పెద్దాయన నవ్వారు. "మనిషి ఎంజైమే కదయ్యా, 44 డిగ్రీల్లో మనం బతకడంలా?"

బతుకుతున్నాం సార్. ఒంట్లో ఎంజైము పాడైపోతే కణం మళ్లీ కొత్తది చేసుకుంటుంది. ట్యూబులో ఉన్నది ఒంటరిది. వేడికి దాని మడతలు విడిపోతే అంతే సంగతులు. ఉడికిన గుడ్డును మళ్లీ పచ్చిగుడ్డు చేయగలరా? ఫ్రీజర్‌లోంచి తీసి పెట్టి, తీసి పెట్టి చేస్తేనే బలం తగ్గుతుందని చిన్న చిన్న వాటాలుగా పంచి దాస్తారు. మూడున్నర గంటలు హారతి పట్టరు.

ఆ ట్యూబు కోసం ఉదయగిరి వైపు పల్లె నుంచి వచ్చిన ఒక పిల్ల ఎనిమిది నెలలు తిరిగింది. మూడు కొటేషన్లు, ఆపైన సంతకాలు, సంతకం పెట్టేవారు సెలవులో ఉంటే మళ్లీ మొదటి నుంచి. డబ్బు మార్చి ఆఖరున విడుదలవుతుంది, కాబట్టి సరుకు రోహిణి కార్తెకే వస్తుంది. ఆమె చూడాలనుకున్నది ఒక్కటే: నేలవేములోని పదార్థం ఈ కైనేజ్ పనిని ఆపుతుందా లేదా. కైనేజ్‌ను ఆపే మందు రక్త క్యాన్సర్ రోగులకు 2001లోనే చేతికొచ్చింది, అంటే ఇది ఆషామాషీ ప్రశ్న కాదు. ఎంజైము కలిపింది. ఎంజైము పనిచేస్తే గ్రాఫు మీద గీత లేవాలి. లేవలేదు. మూడుసార్లు చేసింది. మూడుసార్లూ గీత నేలబారుగానే పడుకుంది.

రిపోర్టులో ఏమని రాశారో తెలుసా? "విద్యార్థినికి ప్రయోగ నైపుణ్యం కొరవడింది." సిగ్గు లేదూ! ఎంజైమును చంపింది మీరు, పొగలో ఫోటో దిగింది మీరు, నైపుణ్యం లేనిది ఆ పిల్లకా? ఆ కాగితం మీద సంతకం పెట్టిన చెయ్యే పళ్లెం పట్టుకుంది, ఫోటోలో స్పష్టంగా ఉంది, వెళ్లి చూసుకోండి.

కొత్త ట్యూబుకు మళ్లీ మూడు కొటేషన్లు అడిగారు. పాత థర్మాకోల్ డబ్బా మాత్రం వృథా కాలేదు. ఆదివారం ఆదివారం అందులో పెద్దాయన ఇంటికి మైపాడు నుంచి రొయ్యలొస్తున్నాయి. పైదాకా ఐసు నింపి పంపమని డ్రైవరుకు ఆయనే ఫోన్ చేసి మరీ చెబుతారు.