రెండు రూపాయల వాషరుపై అభియోగ పత్రం

నేరం ఎంత చిన్నదైనా నేరమేనని నమ్మే పౌరుల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున, నల్లగొండలో, వాడకట్టు వాళ్లందరూ చూస్తుండగా, ఇంటి ముందున్న వేపచెట్టు నీడలో, ఇరవై ఏళ్లు దాటిన ఒక కారు తలుపును విప్పి, అందులో అరిగి ముక్కలైన ఒక ప్లాస్టిక్ బుష్షుకు, అంటే అద్దం జారడానికి ఆనే తొడుగుకు, బదులుగా రెండు రూపాయలకొకటి చొప్పున దొరికే నైలాన్ వాషర్లను బిగించి, ఆరేడేళ్లుగా సగం దగ్గరే ఆగిపోతున్న అద్దాన్ని పైకంటా లేపినవాణ్ణి నేనే. తప్పు ఒప్పుకుంటున్నాను. అయితే బోనులో నాకంటే ముందు నిలబడవలసినది ఆ వాషరు. తెల్లగా, గుండ్రంగా, నోట్లో వేలు పెట్టినా కొరకలేనంత అమాయకంగా కనిపించే ఆ వస్తువు ఎన్ని కొంపలు ముంచగలదో తెలిసిన తరువాత కూడా ఊరుకుంటే, అది నాగరికుడికి తగిన పని కాదు.

వాషరు రాకముందు మా ఇంట్లో అంతా ఎంత సజావుగా ఉండేదో ముందుగా చెప్పాలి. డ్రైవరు పక్క హ్యాండిలు తిప్పితే తలుపు లోపల గరగరమనేది, అద్దం ముందుకు ఒరిగి సగంలో ఇరుక్కునేది. అప్పుడు దాన్ని రెండు అరచేతుల మధ్య పట్టి పైకి లాగి, అద్దానికీ తలుపు అంచున ఉండే రబ్బరు బీడింగుకూ మధ్య ఒక వేప చెక్క ముక్కను దిగేస్తే, మళ్లీ తీసేదాకా కదిలేది కాదు. ఈ ఏర్పాటుకు ఒక నియమావళి కూడా ఉండేది. బండి దిగేవారు చెక్క పెట్టాలి, ఎక్కేవారు తీయాలి, తీసిన చెక్కను ఎక్కడ పెట్టామో ఎవరూ గుర్తుంచుకోకూడదు. వానకు చెక్క ఉబ్బుతుంది కనుక వర్షాకాలానికి సన్నది, ఎండకు బీటలువారి బక్కచిక్కుతుంది కనుక వేసవికి లావుది, ఇలా రెండు ఉండేవి. దసరా నాడు ఆయుధపూజలో పానాల పక్కన వాటికీ కుంకుమ బొట్టు పెట్టేవాళ్లం. బండిని ఎవరైనా ఎత్తుకుపోతారన్న భయం ఉండేది కాదు, ఎందుకంటే మా చెక్క విధానం తెలియని దొంగ గడియారం సెంటరు దాటకముందే విసిగి బండిని వదిలేసి పోతాడని మా నమ్మకం. అటువంటి క్రమశిక్షణ గల కుటుంబం మీద వాషరు వచ్చి పడింది.

చేత్తో తిప్పే అద్దాల సంగతి ఈ కాలపు పిల్లలకు తెలియదు గనుక కొంత చరిత్ర అవసరం. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800లోనూ, అంతకు ముందు తరపు అంబాసిడర్, పద్మిని కార్లలోనూ మనం ఎరిగినది తిప్పుడు హ్యాండిలే. మారుతి 800 ఉత్పత్తి 2014 జనవరిలో, అంబాసిడర్ ఉత్పత్తి అదే ఏడాది మే నెలలో ఆగిపోగా, జూన్ 2న తెలంగాణ వచ్చింది. కొత్త రాష్ట్రానికి స్వాగతం చెప్పే భాగ్యం ఆ కార్ల కర్మాగారాలకు దక్కలేదు గాని, అంతకుముందే కొన్న పాత బండ్లు మాత్రం ఏపీ 24 నంబరు పలకలతో మా వీధుల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. టీఎస్ వచ్చింది, 2016 అక్టోబరులో ఉమ్మడి జిల్లా మూడు ముక్కలయింది, 2024 మార్చిలో టీజీ వచ్చింది. మా బండి నంబరూ మారలేదు, అద్దమూ కదలలేదు. ప్రభుత్వం తన వంతు ప్రయత్నం చేయకపోలేదు. పదిహేనేళ్లు నిండిన కారుకు రిజిస్ట్రేషను మళ్లీ చేయించుకునే రుసుమును 2022 ఏప్రిల్ 1 నుంచి 600 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెంచి, ఈ ముసలి బండ్లను మర్యాదగా ఇనుప సామాను కొట్టుకు సాగనంపాలని చూసింది. కేంద్రం వేల రూపాయలతో తోస్తున్న బండిని రెండు రూపాయలతో వెనక్కి లాగడమంటే, వాషరు రాజకీయాలు ఎటువైపున్నాయో వేరే చెప్పనక్కరలేదు.

ఇక సాంకేతిక సాక్ష్యం. మెకానిక్కులు అద్దం మిషను అని పిలిచే ఆ యంత్రం తలుపు రేకుల మధ్య ఉంటుంది. హ్యాండిలు ఇరుసుకు లోపలి కొసన చిన్న పళ్ల చక్రం ఉంటుంది. అది విసనకర్ర ఆకారంలో ఉన్న పెద్ద పళ్ల పలకను తిప్పుతుంది. ఆ పలకకు అతికిన ఇనుప చేయి, దానికి అడ్డంగా కత్తెరలాగా అమర్చిన ఇంకొక చేయి కలిసి పైకి లేస్తాయి. ఆ చేతుల చివర చొక్కా గుండీ అంత ప్లాస్టిక్ బుష్షులు ఉంటాయి. అద్దం అడుగున అడ్డంగా బిగించిన రేకు పట్టాలో అవి అటూ ఇటూ జారుతూ ఉంటేనే అద్దం నిటారుగా లేస్తుంది. అంటే ఇంత ఇనుము, ఇన్ని పళ్లు, ఇంత అద్దం, అన్నిటి భారమూ చివరికి ఒక గుండీ మీద ఆనుతుంది. ఆ గుండీ మా ఊళ్లో మే నెల 44, 45 డిగ్రీల ఎండలో మూసిన తలుపు లోపల ఏళ్ల తరబడి ఉడికి, గట్టిపడి, పెళుసై, ఒకనాడు పటుక్కుమంటుంది. చేయి పట్టాలోంచి ఊడుతుంది. ఒక పక్కే ఆధారం మిగిలిన అద్దం ఒరిగిపోతుంది. ఇనుములో ఏ దోషమూ ఉండదు.

ఈ సంగతి నేను కనిపెట్టినది కాదు, మెకానిక్కే చూపించాడు. చూపించి, ఆ గుండీని అరచేతిలో పెట్టి, "గిదొక్కటే రాదు సార్. మొత్తం మిషనే మార్చాలె" అన్నాడు. మిషను 2,800 రూపాయలు, చేతిపని 600, పాత మాడలు గనుక ఆర్డరు పెట్టాక ఎప్పుడొస్తుందో దేవుడి దయ. చొక్కా గుండీ తెగితే కొత్త చొక్కా కుట్టించుకోమనే దర్జీ ఇంతవరకు నాకు తారసపడలేదు. అందుకే తొలుత కొంత ఆశ్చర్యపోయాను. తరువాత ఆలోచిస్తే అందులోని సమగ్ర దృష్టి అర్థమైంది. గుండీని గుండీగా అమ్మితే దానికి డబ్బా ఎవరు చేస్తారు, డబ్బా మీద హోలోగ్రాము ఎవరు అతికిస్తారు, గోదాములో దాన్ని ఎవరు కాపలా కాస్తారు? 3,400 రూపాయలతో ఇందరి పొయ్యిలు వెలుగుతుంటే, బాగున్న ఇనుప చేతులను కూడా పారేయడం వృథా కాదు, దానం. పారేసిన చేతులు తూకానికి పోతాయి గనుక పాత ఇనుము వాళ్లకూ అందులో వాటా ఉంది.

ఇంత చక్కగా అల్లుకున్న బతుకుల్లోంచి నేను తప్పించుకుని ప్రకాశం బజారులోని ఒక హార్డ్‌వేర్ దుకాణంలో దూరాను. అంగుళమున్నర పొడవుండే ఆరు మిల్లీమీటర్ల బోల్టు ఒకటి ఐదు రూపాయలు, వదులుకాకుండా లోపల నైలాన్ చుట్టు ఉండే నైలాక్ నట్టు నాలుగు, వెడల్పాటి ఇనుప వాషర్లు రెండు కలిపి నాలుగు, నైలాన్ వాషర్లు రెండూ నాలుగు, చిటికెన వేలి గోరంత నైలాన్ గొట్టం ముక్క ఆరు: వెరసి 23 రూపాయలు. సేటు వాటిని తూకం పళ్లెంలో పోస్తూ, "బోరు మోటరుకా సార్, కూలరుకా?" అని అడిగాడు. కారుకు అన్నాను. అతడు నన్నొకసారి, బయట నిలబెట్టిన బండినొకసారి చూసి, బిల్లు రాయలేదు. నేరానికి లిఖిత ఆధారం ఉండకూడదన్న జాగ్రత్త కాబోలు.

నిజానికి నా మొదటి నేరం ఇది కాదు. అంతకు ముందు హాలియా దగ్గర మా బావమరిది బత్తాయి తోటలో మిగిలిపోయిన పదహారు మిల్లీమీటర్ల డ్రిప్ పైపును ఉంగరంలాగా కోసి బుష్షు స్థానంలో తొడిగాను. తొమ్మిది రోజులు పనిచేసింది. పదో రోజు తీసి చూస్తే పకోడీ ఆకారానికి వచ్చింది. బొట్టుబొట్టుగా నీళ్లు మోయడానికి పుట్టిన మెత్తటి ప్లాస్టిక్కు మీద అద్దం మోపడం నాదే తప్పు గనుక ఆ పైపును ఈ అభియోగం నుంచి మినహాయిస్తున్నాను. అది ఓడిపోయి వ్యవస్థకు మేలే చేసింది. నైలాన్ అలా కాదు. తొందరగా అరగదు, తనకు తానే నూనె రాసుకున్నట్టు జారుతుంది, పశ్చాత్తాపమన్నది ఎరుగదు.

నేరం జరిగిన తీరు వివరిస్తాను. చదివినవారు చేయకుండా ఉండడానికే. హ్యాండిలు వెనక గుర్రపు నాడా ఆకారపు సన్నని తీగ క్లిప్పు దాగి ఉంటుంది. దాన్ని స్క్రూడ్రైవరుతో పొడిస్తే క్లిప్పు రాదు గాని తలుపు లోపలి అట్ట, అంటే డోర్ ప్యాడ్, చిరుగుతుంది. పాత బనియను గుడ్డను హ్యాండిలు వెనకకు దూర్చి, చెప్పులు తుడిచే వాళ్లలాగా అటూ ఇటూ లాగితే అదే టప్పున ఎగిరి, వెతికినా దొరకని చోట పడుతుంది. కనుక ఒక పిల్లవాణ్ణి ఎదురుగా నిలబెట్టాలి. ప్యాడ్ ఊడదీశాక ఒక ప్లాస్టిక్ కాగితం కనిపిస్తుంది. పనికిరానిదని దాన్ని పారేసినవారు మొదటి వానకే సీటు తడిసి తెలివి తెచ్చుకుంటారు; అద్దం పక్క నుంచి తలుపులోకి దిగే నీళ్లను అది లోపలికి రానీయకుండా అడుగు రంధ్రాల దాకా దింపుతుంది. మా తలుపు అడుగు రంధ్రాలు మిర్యాలగూడ రోడ్డు రైసుమిల్లుల ఊకతో, దుమ్ముతో పూడిపోయి ఉన్నాయి. అక్కడే, ఆ ఊక మీద, గత ఏడేళ్లలో మాయమై, ఎవరు పారేశారన్న దాని మీద మా ఇంట్లో ఎన్నో తగువులకు కారణమైన మూడు వేప చెక్కలు, ఒక దువ్వెన, రెండు రూపాయల బిళ్ల ఒకటి కనిపించాయి. అంటే వాషరు ఖరీదు తలుపులోనే ఉంది.

అద్దం జారిపడకుండా టేపుతో తలుపు చట్రానికి అతికించి, ఇనుప చేయి కొసన విరిగిన బుష్షు వదిలిపోయిన మేకును అరగదీసి, పక్కనున్న మోటరు వైండింగు దుకాణం నుంచి అరువు తెచ్చిన డ్రిల్లుతో రంధ్రం వేసి, బోల్టుకు గొట్టం ముక్కను, దానికి అటూ ఇటూ నైలాన్ వాషర్లను, వాటి వెనక ఇనుప వాషర్లను తొడిగి, పట్టా సందులో పెట్టి, పది నంబరు పానాతో బిగించాను. మరీ బిగిస్తే గొట్టం తిరగదు, వదిలేస్తే గలగలమంటుంది. పెళ్లిచూపుల్లో మాట్లాడినంత బిగువు చాలు. ఒక్క మాట మాత్రం వెటకారం లేకుండా చెబుతాను: కొన్ని మిషన్లకు అద్దం బరువును మోయడానికి గడియారం స్ప్రింగులాంటి చుట్ట ఒకటి బలంగా తిప్పి పెట్టి ఉంటుంది. మిషను బయటికి తీసి, పళ్ల పలకను కట్టివేయకుండా విప్పితే అది విడివడి వేళ్లు విరిచేస్తుంది. అటువంటిది కనిపిస్తే చేయి వెనక్కి తీసుకోవాలి.

వాషరు ఒంటరి నేరస్తుడు కాదని కూడా విచారణలో తేలింది. అద్దం రెండు పక్కలా జారే రబ్బరు, ఫెల్టు కాలువల్లో దుమ్ము గట్టిపడి, అద్దాన్ని గొంతు పట్టుకున్నట్టు పట్టి ఉంచడం వల్లనే అసలు బుష్షు మీద అంత భారం పడింది. ఎదురింటి పెద్దమనిషి ఇంజినాయిలు పోయమన్నారు. పోసి ఉంటే ఆయనకు గౌరవం దక్కేది, రబ్బరు ఉబ్బేది, అంటిన దుమ్ము బురదయ్యేది. నేను తడిగుడ్డతో తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టాను. ఆ డబ్బా ఖరీదు 23 రూపాయల కంటే చాలా ఎక్కువ కనుక, దాన్ని వ్యవస్థకు నేను చెల్లించిన నష్టపరిహారంగా పరిగణించాలి.

ఫలితం ఘోరంగా ఉంది. హ్యాండిలు మూడున్నర చుట్లు తిప్పగానే అద్దం నిటారుగా లేచి పైనున్న రబ్బరులో దిగింది. కారులో నిశ్శబ్దం కమ్ముకుంది. ఇన్నాళ్లూ లారీల హోరులో వినపడలేదని తప్పించుకున్న మాటలన్నీ ఇప్పుడు వినపడుతున్నాయి. నార్కట్‌పల్లి దాటేసరికే మా ఆవిడ ఇంటి పన్ను, గ్యాసు, మా తమ్ముడికి ఇచ్చిన చేబదులు, మూడింటినీ ప్రస్తావించింది. పంతంగి టోల్‌గేటు దగ్గర కొత్త అద్దాన్ని హుందాగా దించుదామనుకున్నాను. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయింది గనుక అక్కడ ఎవరూ నా అద్దం వైపు చూడలేదు. పనిచేయని రోజుల్లో దించవలసి వచ్చేది, పనిచేసే నాటికి దించే పని లేకుండా పోయింది.

అంతకంటే పెద్ద ప్రమాదం వ్యాప్తి. మీట నొక్కితే అద్దం లేచే కార్లవాళ్లు మొదట నన్ను చూసి నవ్వారు. వాళ్ల తలుపుల్లో ఇనుప చేతులకు బదులు సన్నని ఉక్కు తీగ, దాన్ని పట్టుకున్న ప్లాస్టిక్ క్లిప్పులు ఉంటాయి. తీగ పోగులు తెగితే మోటరుతో సహా సెట్టు మార్చమంటారు. పోయిన వారం అటువంటి కారు యజమాని ఒకాయన చీకటి పడ్డాక వచ్చి, గొంతు తగ్గించి, "అన్నా, సైకిల్ బ్రేకు వైరు దీనికి ఆగుతదా?" అని అడిగాడు. కొలత సరిపోవాలి, కొసన గుండు గట్టిగా నిలవాలి అని చెప్పి పంపాను. మరునాడు మెకానిక్కే బజారులో ఎదురై, ఆ నైలాన్ గొట్టం ముక్క ఏ దుకాణంలో దొరికిందో చెప్పమన్నాడు. చెప్పాను. తానూ ఇక బుష్షులే వేస్తాడట; బుష్షుకు 600, దానికి విడిగా చేతిపని 600.

మిగిలినవి చెక్కలు. తలుపులో దొరికిన మూడు, వాడుకలో ఉన్న రెండు, మొత్తం ఐదింటినీ కడిగి ఎండబెట్టి వచ్చే దసరా దాకా దాచుదామని అరుగు మీద పెట్టాను. సాయంత్రానికి నాలుగే ఉన్నాయి. లావుది మా ఆవిడ బీరువా కాలి కింద పెట్టింది. తలుపు తీసినప్పుడల్లా ముందుకు ఒరిగే ఆ బీరువా ఇప్పుడు కదలడం లేదు. బీరువా కాలికి నలభై రూపాయల్లో సర్దుబాటు బోల్టు దొరుకుతుందని సేటు చెప్పాడు గాని, ఆ మాట ఇంట్లో ఇంకా చెప్పలేదు.