అలసిపోవడానికి మీకు అర్హత లేదు

వృత్తి పరీక్షలకు చదివే అభ్యర్థుల్లో ఈ మధ్య ఒక అవాంఛనీయ ధోరణి కనిపిస్తోంది. ఏళ్ల తరబడి బుద్ధిగా చదువుకుంటున్నవాళ్లు ఉన్నట్టుండి పుస్తకం మూసేసి "నాకు బర్నౌట్ వచ్చేసింది, పూర్తిగా అలసి అరిగిపోయాను" అని ప్రకటించేస్తున్నారు. ఎవరిని అడిగి ప్రకటిస్తున్నారో తెలియదు. దేనికైనా ఒక పద్ధతి, ఒక అర్హత ఉండాలి కదా!

ముందు నిబంధనలు చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన ఐసీడీ-11 అనే జబ్బుల వర్గీకరణలో బర్నౌట్‌కు చోటు దొరికింది. అయితే ఇది జబ్బు కాదని, పనిచేసే చోట ఎదురయ్యే ఒక స్థితి మాత్రమేనని చెప్పారు. అక్కడితో ఆగలేదు. ఉద్యోగానికి తప్ప జీవితంలో ఇంకే అనుభవానికీ ఈ మాట వాడొద్దని కూడా రాసిపెట్టారు. అంటే బర్నౌట్ రావాలంటే ముందు ఉద్యోగం ఉండాలి. ఉద్యోగం రావాలంటే పరీక్ష పాసవ్వాలి. పరీక్ష పాసవ్వకుండానే అలసిపోయానంటే, పెళ్లి కాకుండానే విడాకులకు దరఖాస్తు పెట్టినట్టే.

పగలు ఆఫీసులో పనిచేసి రాత్రిళ్లు చదివేవాళ్ల సంగతేమిటని కొందరు అడుగుతున్నారు. సమంజసమైన ప్రశ్నే. ఆఫీసు వేళల్లో వచ్చిన నీరసానికి గుర్తింపు ఉంటుంది. ఇంటికొచ్చి పుస్తకం తెరిచాక వచ్చిన నీరసం వ్యక్తిగత వ్యవహారం. రెంటినీ కలిపేసి లెక్క చూపడం కుదరదు.

అసలు 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త దీని గురించి మొదట రాసింది ఉచిత క్లినిక్‌లో పనిచేసే సిబ్బందిని చూసి. వాళ్లు రోగులకు సేవ చేసి చేసి అరిగిపోయినవాళ్లు. మన అభ్యర్థి ఎవరికి సేవ చేస్తున్నట్టు? హైలైటర్ పెన్నులు తయారుచేసేవాళ్లకు తప్ప.

ఆ తర్వాత క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ అనే పరిశోధకులు 1981లో దీన్ని కొలిచే ప్రశ్నావళి తయారుచేశారు. మూడు లక్షణాలు చూడమన్నారు. ఒంట్లో, మనసులో ఓపిక అడుగంటిపోవడం, చేసే పని మీద విరక్తి, ఎంత చేసినా నా వల్ల ఏమీ కావడం లేదన్న భావన. 2002లో మరికొందరు పరిశోధకులు ఇదే ప్రశ్నావళిని విద్యార్థులకు తగ్గట్టు మార్చి, చదువుకునేవాళ్లలోనూ ఈ మూడూ కనిపిస్తున్నాయని తేల్చారు. పని లేనివాళ్లు చేసే పనులు ఇలాగే ఉంటాయి. ఈ మూడింటికీ మన దగ్గర ముందునుంచీ గౌరవప్రదమైన పేర్లే ఉన్నాయి. ఓపిక అడుగంటితే అది అంకితభావం. విరక్తి కలిగితే సీరియస్‌నెస్ వచ్చింది. ఇక మూడోదానికి, అంటే ఎంత చదివినా బుర్రకెక్కకపోవడానికి, మందు ఒక్కటే: ఇంకో రెండు గంటలు ఎక్కువ చదవడం.

గంటలంటే గుర్తొచ్చింది. ఈ రంగంలో జ్ఞానాన్ని కొలిచే ప్రమాణం గంటే. ఏం నేర్చుకున్నావని ఎవరూ అడగరు, ఎన్ని గంటలు కూర్చున్నావని అడుగుతారు. పెట్టుబడుల రంగంలో పనిచేయాలనుకునేవాళ్లు రాసే సీఎఫ్‌ఏ లాంటి పరీక్షల్లో ఒక్కో లెవెల్‌కు సుమారు 300 గంటలు చదవాలన్నది అందరి నోటా వినే మాట. అలాంటి లెవెల్స్ మూడు. దీన్ని విన్న అభ్యర్థి ఏం చేయాలి? ముందుగా ఫోన్‌లో టైమర్ యాప్ వేసుకోవాలి. తర్వాత దానికి రంగు రంగుల చార్టు. చార్టులో ఒక్కరోజు ఖాళీ గడి కనిపించినా గుండె దడ. బాత్రూమ్‌కు వెళ్లేటప్పుడు టైమర్ ఆపాలా వద్దా అన్న ధర్మసందేహం తీరేసరికి ఇంకో అధ్యాయం చదవొచ్చు, అది వేరే సంగతి. అన్నట్టు, ఇంటర్నెట్‌లో గంటల తరబడి మౌనంగా చదువుకునేవాళ్ల వీడియోలు ఉంటాయి. మనకు చదవడానికి ఓపిక లేనప్పుడు వేరేవాళ్లు చదువుతుంటే చూడొచ్చు. ఆ సమయం కూడా గంటల్లో కలుస్తుందని నా అభిప్రాయం.

ఆ గంటల్లో నిజంగా జరిగేదేమిటో దగ్గరగా వెళ్లి చూస్తే కళ్లు చెమర్చుతాయి. మొదటి రివిజన్‌లో ముఖ్యమైన లైన్లకు పసుపు రంగు పూశారు. రెండో రివిజన్‌లో మిగతావి కూడా ముఖ్యమేననిపించి గులాబీ రంగు. మూడోసారి, అతి ముఖ్యమైనవి ఏవో తేల్చడానికి ఆకుపచ్చ. ఇప్పుడు ఆ పేజీలో తెల్లగా మిగిలింది పేజీ నంబర్ ఒక్కటే. రాత్రి పదకొండు దాటాక అభ్యర్థి ఆ పేరా మొదలుపెడతాడు. కళ్లు చివరి లైను దాకా శ్రద్ధగానే వెళ్తాయి. ఏం చదివాడో తెలియదు. మళ్లీ మొదటికొస్తాడు. ఈసారి రెండో లైన్లో ఒక కామా దగ్గర ఆగి, అది అక్కడెందుకుందా అని ఆలోచిస్తాడు. మూడోసారి పెదవులు కదుపుతూ చదువుతాడు. ఇంతలో గడియారం చూస్తే నలభై నిమిషాలు. చార్టులో ఒక గడి దాదాపు నిండింది! అభ్యర్థికి ఆ రాత్రి దక్కిన సంతోషం అదొక్కటే. అది కూడా లాగేసుకుంటామా?

లాగేసుకునేవాళ్లు ఉన్నారు. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 2006లో ఒక ప్రయోగం చేశారు. ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో బాగా రాశారు. వారం తర్వాత పెడితే మాత్రం, పుస్తకం మూసి తమంతట తాము గుర్తుచేసుకున్నవాళ్లే ముందున్నారు. విశేషమేమిటంటే, మళ్లీ మళ్లీ చదివినవాళ్లకే తమకు బాగా గుర్తుంటుందన్న నమ్మకం ఎక్కువ. దీన్నిబట్టి నాకర్థమైంది ఏమిటంటే, పరీక్ష హాలు గుమ్మంలో నిలబడి ఐదు నిమిషాల ముందు దాకా పేజీలు తిప్పే అభ్యర్థి పరమ శాస్త్రీయంగా నడుచుకుంటున్నాడు. మిగతా మూడేళ్లు ఏం చేశాడన్నది మనకు అనవసరం.

ఇక నిద్ర. దీని మీద పరీక్షార్థుల లోకంలో ఏకాభిప్రాయం ఉంది: అది ఫలితాలొచ్చాక చేసుకోవాల్సిన పని. పోయినసారి తప్పినవాళ్లు ఎవరైనా "అయ్యో, నేను ఎక్కువ నిద్రపోయాను" అంటారే తప్ప "సరిగ్గా నిద్రపోలేదు" అనరు. డాసన్, రీడ్ అనే పరిశోధకులు 1997లో చూపించిందాని ప్రకారం, ఏకబిగిన 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి పనితనంతో సమానం. 24 గంటలు మేలుకుంటే 0.10 శాతంతో సమానం. చాలా దేశాల్లో ఈ స్థితిలో బండి నడిపితే పోలీసులు పట్టుకుంటారు. అదే స్థితిలో నాలుగు ఆప్షన్లలో ఒకటి ఎంచుకుని భవిష్యత్తు తేల్చుకోవడానికి మాత్రం హాల్‌టికెట్ ఒక్కటి చాలు. మాక్ టెస్టులో ముందు 'బి' పెట్టి, కాసేపు దాన్నే చూసి, 'బి' అనే అక్షరమే అనుమానంగా కనిపించడం మొదలై, చివరికి 'సి'కి మార్చి, ఇంటికెళ్లి కీ చూసుకుని తల బాదుకున్నవాళ్లకు ఈ శాతాల సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

విశ్రాంతి తీసుకునేవాళ్లు అసలే లేరనడం అన్యాయం. తీసుకుంటారు, కానీ నియమనిష్ఠలతో. సాయంత్రం అరగంట బ్రేక్ అని టైమ్‌టేబుల్‌లో రాసుకుంటారు. ఆ అరగంటలో మొదటి పది నిమిషాలు బ్రేక్ తీసుకున్నందుకు గిల్టీగా ఫీలవుతారు. తర్వాతి పది నిమిషాలు, ఇదే బ్యాచ్‌లో ఇంకొకడు ఈ అరగంటలో ఏం చదివేస్తున్నాడో ఊహిస్తారు. చివరి పది నిమిషాలు మిగిలిన సిలబస్‌ను మిగిలిన రోజులతో భాగిస్తారు. లేచి మళ్లీ బల్ల దగ్గరికి వెళ్లేసరికి వెళ్లేముందు కంటే ఎక్కువ అలసిపోయి ఉంటారు. బ్రేకుల వల్ల లాభం లేదని నేను అనేది ఇందుకే.

చరిత్రలోనూ ఒక హెచ్చరిక ఉంది. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్‌కు వాళ్ల నాన్న మూడేళ్ల వయసులో గ్రీకు మొదలుపెట్టించాడు. తర్వాత లాటిన్, తర్కం, అర్థశాస్త్రం. ఆటల్లేవు, సెలవుల్లేవు. ఇలాంటి తండ్రి, ఇలాంటి టైమ్‌టేబుల్ దొరికినా, 1826లో, నిండా ఇరవై ఏళ్ల వయసులో, ఆ కుర్రాడు నీరసపడిపోయాడు. నేను కోరుకున్నవన్నీ ఇప్పటికిప్పుడు నెరవేరితే నాకు సంతోషంగా ఉంటుందా అని తనను తాను అడిగి చూసుకుంటే, ఉండదని జవాబొచ్చిందట. ప్రిపరేషన్ మధ్యలో ఇలాంటి ప్రశ్నలు వేసుకోకూడదన్న ఇంగితం కూడా లేదు. సరే, ఎలా కోలుకున్నాడు? వేరొకరి జ్ఞాపకాలు చదువుతూ ఏడ్చాక మనసు కొంచెం తేలికపడిందట. ఆపైన వర్డ్స్‌వర్త్ కవిత్వం చదువుకుంటూ తేరుకున్నాడట. చూశారా, రెండూ అవుటాఫ్ సిలబసే! ఒక్క మార్కు కూడా రాని పుస్తకాలు చదివి బాగుపడిన మనిషిని మన అభ్యర్థులకు ఆదర్శంగా చూపించడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

కాబట్టి నేనొక నిర్మాణాత్మకమైన ప్రతిపాదన చేస్తున్నాను. అలసిపోయామంటున్న అభ్యర్థుల నిజాయతీ తేల్చడానికి 'అలసట అర్హత పరీక్ష' పెట్టాలి. పై మూడు లక్షణాలకు మూడు పేపర్లు. నీరసానికి ఒకటి, విరక్తికి ఒకటి, చేతకానితనానికి ఒకటి. నెగెటివ్ మార్కులు తప్పనిసరి. మూడోదాంట్లో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లకు చేతకానితనం లేనట్టే కాబట్టి వాళ్లు ఫెయిల్. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పదకొండు పేజీలు ఉంటుంది. దాన్ని గడువులోగా పూర్తిగా నింపినవాళ్లలో ఇంకా ఓపిక మిగిలి ఉన్నట్టు రుజువవుతుంది గనక వాళ్లను మొదటి వడపోతలోనే తీసేస్తారు. నింపలేనివాళ్లు వచ్చే అటెంప్టుకు మళ్లీ ఫీజు కట్టుకోవచ్చు. సిలబస్ ఇంకా ప్రకటించనేలేదు గానీ, దీనికి కోచింగ్ బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందని ఇప్పటికే ఇద్దరు ఫోన్ చేశారు.