టమాటా మొక్కకి గుండు కొట్టకండి

మా విజయనగరంలో మిద్దె తోటలు పెరిగాయి, చాలా సంతోషం. కానీ ఈమధ్య ఏ మేడ ఎక్కినా టమాటా మొక్కలకి గుండు కొట్టేసి ఉంటున్నాయి. "పిలకలు తీసేస్తే కాయ పెద్దదవుతుందట, వీడియోలో చూశాం" అంటారు. పిలకలంటే ఆకు కాడ మొదట్లో పుట్టే పక్క కొమ్మలు. ఆ వీడియోలోది ఎక్కడో చల్లటి దేశంలో, గ్రీన్‌హౌస్‌లో తాడు పట్టుకుని పైకి పాకే రకం. మన కుండీలో ఉన్నది అదేనా అని ఒక్కరూ అడగరు. నాకు కోపం వచ్చేది అక్కడే.

టమాటాలో పొదలా పెరిగేవి వేరు, తీగలా సాగేవి వేరు. పొద రకం కొంత ఎత్తుకి వచ్చాక కొమ్మ చివర పూగుత్తి వేసి ఆగిపోతుంది. పూసా ఎర్లీ డ్వార్ఫ్ అలాంటిదే. దాని కాపు చాలావరకు పక్క కొమ్మల మీదే. పిలక తుంచితే కాయలు కూడా తుంచినట్టే. తీగ రకం అలా కాదు, బతికున్నంత కాలం సాగుతూనే ఉంటుంది. దానికి పిలకలు తీయాల్సిందే. అర్క రక్షక్ ఈ రెండింటికీ మధ్యరకం, మొదటి పూగుత్తి కింద ఉన్నవి తీస్తే చాలు.

ఏ రకమో తెలీదా? గుత్తికీ గుత్తికీ మధ్య ఆకులు లెక్కపెట్టండి. మూడేసి ఆకులుండి, చివర ఇంకా చిగురు వేస్తుంటే తీగ రకం. ఒకటి రెండు ఆకులకే గుత్తి వచ్చేస్తుంటే పొద రకం.

తీసేదైతే, ఆకు కాడకీ కాండానికీ మధ్య పుట్టిన పిలక రెండంగుళాలు ఉన్నప్పుడే, మంచు ఆరాక, వేళ్లతో పక్కకి వంచండి. టక్కున విరుగుతుంది. బ్లేడు వద్దు, ఒక మొక్క తెగులుని ఇంకో మొక్కకి అంటిస్తుంది. విరిచిన పిలకని తడిమట్టిలో గుచ్చితే వేళ్లు కూడా వేస్తుంది. మా పెద్దమ్మకి చుట్ట అలవాటు. కుండీల దగ్గరికి వచ్చే ముందు ఆవిడ చేతులు సబ్బుతో కడిగించాకే రానిస్తాను. పొగాకు మొజాయిక్ వైరస్ చేతుల మీదుగానే టమాటాకి వస్తుంది మరి.

ఇక ఆకుల సంగతి. నేలకి తగిలేవి తీసేయండి, వాన చినుకులకి మట్టి చిమ్మి మచ్చ తెగులు మొదలయ్యేది వాటితోనే. పైవాటి జోలికి మాత్రం పోకండి. మన ఎండలో కాయకి ఆకే గొడుగు. ఆకులు దూసేసిన మొక్క కాయలు చూడండి, ఎండ తగిలే వైపు తెల్లగా పాలిపోయి, తర్వాత ఆ తోలు కాగితంలా ఎండిపోతుంది. అది ఎండదెబ్బ. తెగులనుకుని దానికి మందు కొడుతున్నారు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

గాలి సంగతీ ఉంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే వచ్చాయి. అంత తుఫాను అక్కర్లేదు, పిలకలన్నీ తీసేసి ఒంటి కాండంతో నిలబెట్టిన మొక్క మామూలు ఈదురుగాలికే విరిగిపోతుంది. సరుగుడు కర్ర పాతి, గోగునారతో ఎనిమిది అంకెలా వదులుగా కట్టండి.

విత్తనాల ప్యాకెట్ మీద కాయ బొమ్మ ఇంతేసి వేస్తారు, పొదో తీగో మాత్రం చాలావాటి మీద రాయరు. షాపులో అడిగితే "హైబ్రిడ్ అండీ, బాగా కాస్తుంది" అంటారు. అది జవాబు కాదు. ఈసారి కొనేటప్పుడు మీరూ గట్టిగా అడగండి, చెప్పలేకపోతే ఆ ప్యాకెట్ అక్కడే పెట్టేసి రండి.