సిల్లీ మిస్టేక్ గారికి ఒక బహిరంగ లేఖ

గాజువాక,
విశాఖపట్నం.

మహారాజశ్రీ సిల్లీ మిస్టేక్ గారి దివ్యసముఖానికి,

మెడికల్ సీటు కోసం నీట్ పరీక్షకి ఇంకో ఏడాది చదువుతున్న లాంగ్ టర్మ్ విద్యార్థి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, కుశలంగా ఉన్నది మీరొక్కరే.

గ్రాండ్ టెస్టుల్లో, అంటే నీట్ నమూనా పరీక్షల్లో, 720కి నాకు మొదట 610, తర్వాత 588, మొన్న ఆదివారం 565. కైలాసగిరి రోప్‌వే కూడా దిగాక మళ్లీ ఎక్కుతుంది, నాది దిగడమే. ప్రతిసారీ ఇంట్లో మీ పేరే చెప్పాను. "అన్నీ వచ్చినవేనమ్మా, సిల్లీ మిస్టేక్స్" అనగానే అమ్మ మొహం తేటపడేది, సంపత్ వినాయకుడికి ఇంకో కొబ్బరికాయ మొక్కేసేది. బి షిఫ్ట్ దిగి వచ్చిన నాన్న, "ఆంధ్రా మెడికల్ కాలేజీ 1923 నుంచి అక్కడే ఉందిలే, ఎక్కడికీ పోదు" అంటూ అన్నం కలుపుకునేవారు. నానమ్మ ఒక్కతే, "సిల్లీ ఎవుడ్రా, నీ ఫ్రెండా?" అని అడిగింది.

అవును మరి. ఆడలేనప్పుడల్లా నాకు దొరికిన మద్దెల మీరే కదా.

నిన్న సాయంత్రం ఆర్కే బీచ్‌లో గట్టు మీద కూర్చుని, ఒక చేత్తో మురీ మిక్చర్, ఒళ్లో ఆన్సర్ కీ పెట్టుకుని మీ గొప్పతనం లెక్కేద్దామనుకున్నాను. మొత్తం తప్పులు 23. అందులో మీరు చేసినవి ఎన్నో తెలుసా? నాలుగు! 'ఇన్‌కరెక్ట్ ఏది' అన్నచోట 'ఇన్' కనబడకపోవడం ఒకటి, సెంటీమీటర్లని మీటర్లు చేయకపోవడం రెండుచోట్ల, జవాబు పత్రంలో దిద్దాల్సిన బబుల్ ఒక వరస కిందికి జారడం ఒకటి. అంతే. ఇన్నాళ్లూ ఊరంతా మీ పేరు చెప్పుకుని తిరిగానే, ఇంత చిన్నవారా మీరు?

మిగతా 19లో 12 నేను గుడ్డిగా దిద్దినవి. మార్కులు తగ్గుతున్నాయన్న టెన్షన్‌లో చాలావాటిని వదలబుద్ధి కాలేదు. తెలియకుండా దిద్దినవాటికల్లా మూడో ఆప్షనే, ఎందుకో మూడు మీద నాకు గురి. జవాబు తప్పయితే రావాల్సిన నాలుగు మార్కులు రాకపోవడమే కాదు, ఉన్నదాంట్లోంచి ఒకటి పోతుందని పెన్ను చేతిలో ఉన్నప్పుడు గుర్తుండదు. చివరి ఏడు బయాలజీవి, నిజంగానే వచ్చనుకున్నవి. ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకం తెరిచి చూస్తే, ఆ వాక్యాలన్నిటికీ పసుపు హైలైటర్ పూసీ పూసీ పేజీ పండగనాటి గడపలా ఉంది. గడప దాటి లోపలికి మాత్రం వెళ్లినట్టు లేను.

అసలు బాధ ఇది కాదు. మీ నాలుగింటినీ మాఫీ చేసి, ఒక్కోదానికి ఐదు చొప్పున 20 కలిపి చూశాను. 585! కిందటిసారి 588కి కూడా మూడు తక్కువ. మిక్చర్ మెత్తబడిపోయింది.

కాబట్టి వచ్చే ఆదివారం పరీక్షకి తమరు తప్పక దయచేయండి, మీకు కుర్చీ ఎప్పుడూ ఉంటుంది. కానీ ఆ పందొమ్మిది మంది చుట్టాలనీ మీ ఇంటిపేరుతో వెంట తీసుకురాకండి.

ఇట్లు,
మీ వల్ల బతికిపోతున్న
565

తా.క.: ఈ లెక్క ఇంట్లో ఇంకా చెప్పలేదు. రాత్రి అమ్మ అడిగితే మళ్లీ మీ పేరే చెప్పాను. ఏమీ అనుకోకండి.